వద్దుల వెంకట్రాజం వదిలేసిన పండు

కాశీకి పోయినా గయకు పోయినా కాయో పండో వదిలి రావాలని మనందరికీ తెలుసు. బాగా ఇష్టమైనదాన్నే వదలాలన్నది పెద్దల మాట. ఏది ఇష్టమో మనం నోరు విప్పి చెబితేనే కదా దేవుడికి తెలిసేది అన్నది మా కొత్తవాడ వెంకట్రాజం మాట.

వెంకట్రాజానికి వరంగల్ కొత్తవాడలో జంపఖానాల దుకాణం ఉంది. మగ్గాల మీద నుంచి దిగిన జంపఖానాలను మూటలు కట్టి నాలుగు దిక్కులకూ పంపుతాడు. ఆయన జంపఖానాలు చూసినన్ని ఊళ్లు ఆయన చూడలేదు. చూడాలని కోరికా లేదు.

బజారులో ఆయన్ని 'వద్దుల వెంకట్రాజం' అంటారు. కొత్తది ఏది గడప తొక్కబోయినా ఆయన నోటివెంట ముందుగా వచ్చే మాట 'వద్దు'. గ్యాసు పొయ్యి వద్దు, పేలుతుంది. కుక్కరు వద్దు, ఈల వేస్తుంది. సంసారుల ఇంట్లో ఈలలేమిటి? ఆఖరికి పెళ్లిలో వడ్డించే కొత్త రకం మిఠాయిని కూడా ఆకు చివరికి నెట్టి, దాని వైపు అనుమానంగా చూస్తూ భోజనం ముగించేవాడు.

ఆ వద్దులన్నీ మోస్తూ కాపురం నెట్టుకొచ్చిన ఇల్లాలు శకుంతల. ఆమెకు వరంగల్ దాటి తెలిసింది పుట్టిల్లు కేసముద్రం ఒక్కటే.

వెంకట్రాజం తల్లి బక్కమ్మ పరకాల పక్క పల్లెలో పత్తి ఏరుతూ పెరిగిన మనిషి. చివరి రోజుల్లో మంచం పట్టింది. మంచానికి ఎదురుగా గోడ మీద ఒక క్యాలెండర్, దాంట్లో మంచుకొండ మీద కూర్చున్న శివుడు. ముసలామె శివుడిని ఎంత చూసేదో తెలియదు గానీ, ఆ కొండను మాత్రం పొద్దస్తమానం చూసేది.

"శకుంతలా, గది నిజంగ గంత తెల్లగుంటదా? పత్తి కుప్పబోసినట్టు?" అని అడిగేది.

"ఏమో అత్తమ్మా, నేను చూసిన్నా?"

"నేనైతే పరకాల కాంచి వరంగల్ వచ్చుడు, వరంగల్ కాంచి మంచమెక్కుడు. నువ్వన్న చూడు బిడ్డా. నువ్వు చూస్తే నేను చూసినట్టే."

"చూస్త అత్తమ్మా" అంది శకుంతల. మంచంలో ఉన్న మనిషిని ఊరడించడానికి అన్న మాట కాదది. ఒళ్లు కడిగి, జడ వేసి, ముద్ద కలిపి పెట్టిన కోడలు అత్తకిచ్చిన మాట. ఆ తర్వాత ఎక్కువ కాలం గడవకుండానే బక్కమ్మ వెళ్లిపోయింది. అస్థికలు కాళేశ్వరంలో కలిపారు. గయలో పిండం పెట్టడం మిగిలింది.

అప్పుడు దిగాడు యాత్రల యాదగిరి. ఏటా ఎండాకాలం సెలవుల్లో ఒక బస్సు మాట్లాడి, బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు, కట్టయ్య అనే వంటవాణ్ణి ఎక్కించి జనాన్ని కాశీకి, గయకు తిప్పుకొస్తాడు. ఆ ఏడు దానికి నేపాల్ కూడా తగిలించాడు.

"పశుపతినాథుని దర్శనం, రాజన్నా. పాసుపోర్టు అక్కర లేని ఫారిన్!"

వెంకట్రాజం నోట్లో 'వద్దు' అప్పటికే తయారుగా ఉంది. కానీ దుకాణం ముందు నలుగురు కూర్చుని ఉన్నారు. 'ఫారిన్' అన్న మాటకు నలుగురూ మెడలు తిప్పారు. కొత్తవాడలో అప్పటికి ఫారిన్ పోయొచ్చిన దుకాణదారు ఒక్కడు లేడు. వెంకట్రాజం వద్దును మింగేశాడు.

ఆ సాయంత్రమే భార్యను దగ్గర కూర్చోబెట్టుకుని పథకం విప్పాడు.

"గయల ఏం ఇడిసిపెడ్తానవ్?"

"గయకు పోయినంక చెప్త."

"ముందుగాలనే సోంచాయించుకోవాలె. వంకాయ ఇడిసిపెడ్తే పెండ్లిళ్లల్ల కష్టం. అరటిపండు ఇడిసిపెడ్తే ప్రసాదాల కాడ కష్టం."

"నీకు కాకరకాయ గిట్టది గద. దాన్ని ఇడిసిపెట్టు."

"అది అందరు జేసే పని. దేవునికి అలవాటైపోయి ఉంటది, పట్టుకుంటడు" అన్నాడు గంభీరంగా.

ఉపాయం లారీలో వచ్చింది. ఆయన మూటలు తీసుకుపోయే బీహారీ డ్రైవరు ఒకరోజు చాయ్ తాగుతూ వాళ్ల ఊరి లీచీ పండ్ల గురించి చెప్పాడు. ఆ పండు వరంగల్‌కు ఎందుకు రాదని అడిగితే, దారిలోనే పాడవుతుందన్నాడు. వెంకట్రాజం ముఖం విప్పారింది. కంటితో చూడనిది, నోటితో ఎరగనిది, జన్మలో మన బజారుకు రానిది! ఇంతకంటే హాయిగా వదలగలిగిన పండు భూమ్మీద ఉంటుందా?

గయలో పిండాలు పెట్టడం అయింది. తెలుగు యాత్రికుల చేత పిండాలు పెట్టించే పురోహితుడు, అక్కడ పండా అంటారు, తెలుగు బాగానే మాట్లాడతాడు. చేతిలో నీళ్లు పోస్తూ అన్నాడు:

"అమ్మ పేరు మీద నీకు ఇష్టమైన పండు వదలాలి బాబూ. అది ఎక్కడ కనబడితే అక్కడ అమ్మ గుర్తుకు రావాలి. అందుకే వదలమనేది."

వెంకట్రాజానికి గుండెలో చిన్న ముల్లు గుచ్చుకుంది. వరంగల్‌లో ఎక్కడా కనబడని పండు. మరి అమ్మ? కానీ అనుకున్న మాట నాలుక చివరనే ఉంది, జారిపోయింది.

"లీచీ పండు."

పండా చేతిలో చెంబు ఆగిపోయింది. "లీచీయా? పండ్ల కాలం ఇప్పుడే మొదలైంది, ఇప్పుడు వదులుతావా?" అంటూ పక్కనున్న పండాలను పిలిచి చూపించాడు. "ఇదీ తల్లి మీద భక్తి అంటే!" వాళ్లంతా వెంకట్రాజానికి దండం పెట్టారు. ఆయన తల వంచుకుని ఆ దండాలన్నీ పుచ్చుకున్నాడు. ఎందుకు పెడుతున్నారో మాత్రం అర్థం కాలేదు.

శకుంతల వంతు వచ్చింది. "మామిడిపండు" అంది.

"పిచ్చి లేచిందా? మామిడిపండు ఎవరన్న ఇడిసిపెడ్తరా? జర ఆలోచించు" అని గొణిగాడు వెంకట్రాజం.

"అత్తమ్మకు పానం. నాకు గూడ పానమే. గింకేం ఇడువాలె?" అని ఆమె నీళ్లు వదిలేసింది. ఇక బతికినన్నాళ్లు ప్రతి ఎండాకాలం ఆమెకు అత్త గుర్తుకొస్తుంది. వెంకట్రాజం ఆ సంగతి గ్రహించాడు. గ్రహించి, గబగబా బస్సెక్కి కూర్చున్నాడు.

పట్నా దగ్గర గంగ మీద కొత్తగా కట్టిన పెద్ద వంతెన దాటి ముందుకు పోయాక, దారికి రెండు వైపులా తోటలు మొదలయ్యాయి. చెట్ల నిండా ఎర్రటి గుత్తులు. రోడ్డు పక్కన గంపలు, గంపల నిండా అవే. బస్సులో జనం "ఏం పండ్లయ్యా ఇవి?" అని మెడలు బయటపెట్టారు.

"లీచీలు!" అన్నాడు యాదగిరి.

వెంకట్రాజానికి పండాల దండాలు అప్పుడు అర్థమయ్యాయి.

బస్సు ఆగింది. అందరూ దిగి గుత్తులు గుత్తులుగా తెచ్చుకున్నారు. బరక తోలు ఒలిస్తే లోపల తెల్లటి గుజ్జు, మోచేతుల దాకా కారే రసం. బస్సంతా ఒకటే కమ్మటి వాసన. వెంకట్రాజం కిటికీ పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కిటికీ బయట లీచీలు, కిటికీ లోపల లీచీలు.

కాసేపటికి ఆగలేక ముందు సీటులోని సోమక్కను అడిగాడు. ఆమెది హన్మకొండలో గిన్నెల దుకాణం. నిద్రలో తప్ప నోరు మూయని మనిషి. "ఎట్లుంటదక్కా?"

"ఏం జెప్పాలె తమ్మీ, చెప్పేటందుకు నోరు ఖాళీ ఉంటలేదు" అని ఆమె ఇంకోటి వేసుకుంది.

యాదగిరిని అడిగాడు. "తాటిముంజ లెక్క ఉంటది రాజన్నా. కాని తాటిముంజ కాదు" అన్నాడు. వంట కట్టయ్యను అడిగితే, "పన్నీరు చల్లిన బెల్లం" అన్నాడు. మూడు జవాబులు కలిపి నమిలినా వెంకట్రాజం నోటికి ఏ రుచీ తగల్లేదు.

చివరికి భార్య వైపు తిరిగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఏదైనా ఎలా ఉందని ఆయన ఆమెను అడిగింది అదే మొదలు. శకుంతల ఒక పండు ఒలిచి, దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, కళ్లు మూసుకుని తింటోంది. పండంతా తిని, గింజను కిటికీలోంచి బయట పడేసింది.

"తెలిసినదాన్ని ఇడువుమన్నడు పండా. నువ్వు తెల్వనిదాన్ని ఇడిసినవ్. పెండ్లయినకాంచి గదే చూస్తాన" అంది.

"అంటే దొంగ మొక్కంటానవా?"

"నేనంటలేను. గంపలంటానయ్."

కోపంగా అని ఉంటే వెంకట్రాజం ఎదురు మాట్లాడేవాడు. మామూలుగా అంది. అందుకని ఆ మాట ఆయనతో పాటే సరిహద్దు దాటింది.

సరిహద్దు ఆయన్ని నిరుత్సాహపరిచింది. ఫారిన్ అంటే అడుగు పెట్టగానే ఏదో మారుతుందనుకున్నాడు. ఒక గేటు, అటూ ఇటూ అవే రిక్షాలు, అదే దుమ్ము. గేటుకు ఇవతలి ఈగలే అవతలికీ వచ్చాయి.

ఖాట్మండులో మాత్రం అంతా కొత్తే. ఒకదాని మీద ఒకటి కప్పులున్న గుళ్లు, చెక్కిన కిటికీలు, గంటలు, జడలు కట్టిన తెల్లవాళ్లు. శకుంతల ప్రతి మలుపులో నిలబడిపోయేది. దారిన పోయే ఆడవాళ్ల బొట్టు చూసి నవ్వేది, వాళ్లూ నవ్వేవాళ్లు. భాష రాకపోయినా ఒకావిడ దగ్గర కూర్చుని గాజుల గురించి ఎంతో సేపు మాట్లాడి వచ్చింది. వెంకట్రాజం గుడి ముందు నిలబడి కూడా గుడిని చూడలేదు. కొత్తవాడ దుకాణం ముందు ఈ గుడి గురించి ఎట్లా చెబితే బాగుంటుందా అని మాటలు కూర్చుకున్నాడు. కట్టయ్య వండిన పచ్చిపులుసు అన్నం తిని, సత్రంలో పడుకుని, ఇక్కడ దొరికే ఫారిన్ రేడియో ఎంత పెద్దది కొనాలా అని ఆలోచించాడు.

యాదగిరి చెప్పాడు: "రేపు పొద్దుగాల్ల ఒక గుట్ట మీదికి పోదం. వాన పడి మొగులు విచ్చుకుంటె మంచుకొండలు కనవడ్తయి. ఒక్క రోజే, మళ్ల దొరకది."

శకుంతల ముఖం వెలిగింది. ఆమె ఇంత దూరం వచ్చింది ఆ ఒక్కదాని కోసమే.

వెంకట్రాజానికి రేడియో గుర్తొచ్చింది. గుట్ట ఎక్కి దిగితే బజారుకు పోయే పూట పోతుంది. "గుట్ట చూసెటందుకు గింత దూరం రావాల్నా? హన్మకొండల పద్మాక్షి గుట్ట లేదా?" అన్నాడు. ఆమె నవ్వలేదు. ముఖం మీద వద్దంటే ఈసారి ఊరుకోదని తెలుసు. అందుకని పక్కదారి పట్టాడు. యాదగిరిని చాటుకు పిలిచి, "మా ఆమెకు మోకాళ్లు పట్టేసినయి, మేము రాము" అన్నాడు. భార్య దగ్గరికి వచ్చి, "బస్సు ఖరాబైంది. గుట్ట బందు" అన్నాడు.

"అయ్యో" అంది శకుంతల. అంతే అంది. ఆయన హాయిగా నిద్రపోయాడు.

తెల్లారి లేచేసరికి సత్రమంతా చడీచప్పుడు లేదు. పక్క మీద శకుంతల లేదు. బయటకొచ్చి చూస్తే బస్సు కూడా లేదు. కట్టయ్య ఒక్కడే పొయ్యి ఊదుకుంటున్నాడు.

"బస్సేది?"

"గుట్టకు పోయింది."

"మా ఇంటామె?"

"అందరికన్న ముందు ఎక్కింది సేఠ్. మోకాళ్లెట్లున్నయమ్మా అని యాదగిరి అడిగిండు. మోకాళ్లకేమైంది అన్నది."

వెంకట్రాజం కట్టయ్య పక్కనే కూలబడ్డాడు. తువ్వాలు ఎక్కడుందో తెలియదు. దువ్వెన ఏ సంచిలో ఉందో తెలియదు. పోనీ రేడియో బజారుకు పోదామా అంటే, డబ్బు మూట శకుంతల నడుముకే ఉంది. పరాయి దేశంలో, పరాయి సత్రంలో, భార్య లేకుండా తాను ఎంత మనిషో ఆయనకు బాగా తెలిసొచ్చింది.

బస్సు తిరిగొచ్చేసరికి ఎండ ఎక్కింది. గడబిడగా దిగిన జనం మధ్య నుంచి శకుంతల నెమ్మదిగా వచ్చింది. కళ్లు ఏడ్చినట్టున్నాయి, ముఖం కడిగినట్టుంది. ఆయన తిట్లకు సిద్ధమై నిలబడ్డాడు. తిట్లు రాలేదు.

"కనవడ్డదా?" అని తానే అడిగాడు.

"కనవడ్డది."

"ఎట్లున్నది?"

"అత్తమ్మకు చెప్పిన" అని లోపలికి వెళ్లిపోయింది.

వెంకట్రాజం ఎండలో అట్లాగే నిలబడిపోయాడు. కన్న తల్లి ఎదురు గోడ మీద కొండను చూస్తూ పోయింది. ఆమె అడిగింది తనను కాదు, కోడలిని. తనను అడిగితే వద్దంటాడని ఆమెకు తెలుసు. అడగకపోయినా వినబడే గదిలోనే కూర్చుని తాను మూటల లెక్క చూసుకునేవాడు. తల్లి చూడాలనుకున్నదాన్ని ఆమె కోడలు చూసి వచ్చింది. కొడుకు అదే ఊళ్లో గురక పెట్టి నిద్రపోయాడు. సిగ్గు అనే మాట చాలదు. తల్లి పోయిన రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కట్టయ్య చూడకుండా, పొయ్యి పొగ అని చెప్పుకోవడానికి పొయ్యి దగ్గరికి జరిగి ఏడ్చాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన నిద్రపోలేదు. కొండదారి మలుపులకు అందరి తలలూ వాలిపోతుంటే డ్రైవరు పక్కన నిలబడి ముందుకు చూస్తున్నాడు. దారిలో ఎత్తయిన కనుమ ఒకటుంది, అక్కడి నుంచీ మంచుకొండలు కనిపిస్తాయని యాదగిరి ఎవరితోనో అనడం విన్నాడు.

"జర ఆపుండ్రి. నేను చూడాలె" అన్నాడు.

వద్దుల వెంకట్రాజం నోట 'చూడాలె' అన్న మాట విని సోమక్క కూడా నిద్ర లేచింది.

బస్సు ఆగింది. అందరికంటే ముందు దిగి కనుమ అంచుకు పోయాడు. ఎదురుగా కొండ లేదు, లోయ లేదు, ఆకాశం లేదు. పొగమంచు. చేయి చాపితే వేళ్లు కనిపించేంత, అంతే. కాసేపు చూశాడు. ఇంకాసేపు చూశాడు. బస్సులోంచి ఎవరో "పోదం పా రాజన్నా" అన్నారు.

శకుంతల వచ్చి పక్కన నిలబడింది.

"ఏం కనవడ్తలేదు" అన్నాడు. "నేను అబద్ధమాడిన, శకుంతలా. బస్సు ఖరాబు కాలే."

"ఎరుకే. సోమక్క ఆ రాత్రే చెప్పింది."

"మరి నన్ను లేపకపోతివి?"

"లేపితే ఏమంటుంటివి?"

ఆయనకు జవాబు తెలుసు. "ఎట్లున్నదో నాకు గూడ చెప్పు" అన్నాడు. లీచీ గురించి అడిగినట్టు కాదు. తప్పిపోయిన పిల్లవాడు ఇంటి దారి అడిగినట్టు అడిగాడు.

శకుంతల పొగమంచులోకి వేలు చూపించింది. "గటు దిక్కు. మొదలు నల్లగుండె. అందరం చలికి వణుక్కుంట నిలవడ్డం. జరసేపటికి కొసకు కుంకుమ వెట్టినట్టయింది. ఒక కొసకు. తర్వాత ఇంకో కొసకు. తర్వాత అన్ని తెల్లగైనయి. అత్తమ్మ పత్తి కుప్ప అన్నది గద, పత్తి గాదు. పత్తిని చూస్తే ముట్టబుద్దయితది. దీన్ని చూస్తే మాట్లాడబుద్ది గాలే. సోమక్క గూడ మాట్లాడలే."

"సోమక్క గూడనా?"

"మొక్కినం అందరం. నేను అత్తమ్మా, చూస్తానవా అన్న."

వెంకట్రాజం ఆమె వేలు చూపించిన వైపే చూస్తూ నిలబడ్డాడు. పొగమంచు కదల్లేదు. ఆమె అంతసేపు మాట్లాడగా ఆయన, ఒక్క సోమక్క మాట దగ్గర తప్ప, మధ్యలో అడ్డుపడకుండా వినడం అదే మొదలు.

పొగమంచులోంచి ఒక కొండ ఆడమనిషి వచ్చింది, నుదుటికి పట్టీ వేసి వీపున బుట్ట మోస్తూ. ఆకు దొన్నెల్లో పసుపుపచ్చగా, గింజలు గింజలుగా ఏవో అడవి పండ్లు. ఒక దొన్నె వెంకట్రాజం ముందుకు చాపింది. అట్లాంటి పండు ఆయన ఎన్నడూ చూడలేదు. 'వ' అనే అక్షరం పెదవుల దాకా వచ్చింది. శకుంతల చూస్తోంది. ఆయన పెదవులు మూసుకుని, దొన్నె తీసుకుని, కళ్లు మూసుకుని గుప్పెడు నోట్లో వేసుకున్నాడు.

ముందు పులుపు, ఒళ్లు జలదరించేంత. వెనకనే తీపి. ఆ వెనక ఆయనకు పేరు తెలియని ఇంకేదో. కళ్లు తెరిచి చూస్తే దొన్నె ఖాళీ.

"బలే ఉన్నదే! ఏం పండు గిది? పేరేందో అడుగు" అన్నాడు వేళ్లు నాకుతూ.

"పేరెందుకయ్యా?" అంది శకుంతల నడుము దగ్గర మూట విప్పుతూ. "పేరు ఎరుకైతే దీన్ని గూడ యాడనో ఇడిసిపెట్టి వస్తవ్."

వెంకట్రాజం ఇంకో దొన్నె కోసం చేయి చాపాడు.